వకీలు నుంచి మేయరు దాకా: మాడపాటి హనుమంతరావు ప్రజాజీవితం

బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి మున్సిపాలిటీ కన్నా ముందు కంపెనీ పరిచయమవుతుంది. సింగరేణి కాలనీల్లో క్వార్టరు, నల్లా నీళ్లు, కరెంటు, దవాఖాన, బడి అన్నీ కంపెనీ చలవే. 1969లో సిమెంటు కార్ఖానాతో పాటు పెరిగిన బసంత్‌నగర్ సంగతీ దాదాపు అంతే. వీధిలో నీళ్లు రాకపోతే అడగాల్సింది ఎవరిని, ఏ హక్కుతో అడగాలి అన్న ప్రశ్న ఇక్కడ చాలాకాలం పురపాలన ప్రశ్నగా రూపుదిద్దుకోలేదు. రామగుండం నగరపాలక సంస్థగా మారింది 2009లో. ఇప్పుడు వకీళ్లు కౌన్సిల్‌కు పోటీ చేయడం, గెలవడం ఎవరికీ వింతగా తోచదు. తెలంగాణలో ఈ దారిని మొదట నడిచి, దానికొక గౌరవం తెచ్చిన మనిషి చరిత్రను మాత్రం మనం చాలావరకు మరచిపోయాం. ఆయన మాడపాటి హనుమంతరావు. హైదరాబాదు హైకోర్టు వకీలు, తర్వాత ఆ నగరానికి తొలి మేయరు. మన పాత కరీంనగర్ జిల్లాతో ఆయనకు గట్టి సంబంధమే ఉంది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే.

మాడపాటి 1885 జనవరి 22న అప్పటి కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో మేనమామల పంచన, నిజాం ఇలాకాలోని సూర్యాపేటలో పెరిగారు. చదువు ఉర్దూలో సాగింది. ఉర్దూ, ఫారసీ ఒంటబట్టాయి. తెలుగు మాత్రం ఇంట్లోనూ, సొంత పఠనంలోనూ నేర్చుకున్నదే. హనుమకొండలో సర్కారు కొలువులో ఉన్న రోజుల్లో అక్కడ 1904లో ఏర్పడ్డ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయంతో ఆయనకు అనుబంధం కుదిరింది. తెలుగు కథ ఇంకా కాలూనుతున్న కాలంలోనే కథలు రాశారు, ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చారు. హైదరాబాదు చేరాక ముషీరె దక్కన్ అనే ఉర్దూ దినపత్రికకు రాసేవారు. సర్కారు కాగితం ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూశాక కొలువు వదిలి వకీలు వృత్తిలోకి వచ్చారు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఈ రెండు అనుభవాల ముద్ర కనిపిస్తుంది. ఉర్దూ పత్రికకు రాసిన చేయి కనుక పాలకుల భాషలో వాదించడం తెలుసు, కచేరీలో పనిచేసిన మనిషి కనుక ఏ హుకుం ఎక్కడ పడి ఉంటుందో తెలుసు.

నిజాం రాష్ట్రంలో ప్రజాజీవితాన్ని నడిపినవారిలో ఇంతమంది వకీళ్లు ఎందుకున్నారు? బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు, పులిజాల వెంకట రంగారావు, అలంపల్లి వెంకట రామారావు, అందరూ వకీళ్లే. జవాబు ఆనాటి బతుకు తీరులో ఉంది. సర్కారు కొలువులో ఉన్నవాడు నోరు మెదపలేడు. వర్తకుడు తాలూకా కచేరీకి భయపడాలి. రైతు పటేలుకూ, పట్వారీకీ, దేశ్‌ముఖుకూ లోబడి ఉండాలి. చదువు, సొంత సంపాదన, హాకిములతో నిలబడి మాట్లాడే అలవాటు, ఈ మూడూ ఉన్నవాడు వకీలొక్కడే. అందుకే ఆనాటి తెలంగాణ ఉద్యమానికి వకీలు వాదనలోని బలాలన్నీ అబ్బాయి, దాని బలహీనతలూ తప్పలేదు.

1921 నవంబరులో జరిగిన సంఘటన తెలంగాణ చరిత్ర చదివిన ప్రతివారికీ తెలుసు. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. వక్తలు ఇంగ్లీషులోనూ, ఉర్దూలోనూ, మరాఠీలోనూ మాట్లాడారు. అలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోగానే సభలో కొందరు గేలి చేశారు, గోల చేసి మాట సాగనివ్వలేదు. రాష్ట్ర జనాభాలో సగం దాకా మాట్లాడే భాషకు రాజధాని నగరంలోని సంస్కర్తల సభలో దక్కిన మర్యాద అది. ఆ అవమానంతో బయటికి వచ్చిన తెలుగువారు కొద్దిమంది టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం స్థాపించారు. వారిలో మాడపాటి ఒకరు. త్వరలోనే సంఘానికి కార్యదర్శి అయ్యారు, ఏళ్ల తరబడి దాని బరువు మోశారు.

ఈ కథను సాధారణంగా ఇక్కడే ఆపి, భాషాభిమానం నుంచి ఉద్యమం పుట్టిందని ముగిస్తారు. అసలు విశేషం ఆ తర్వాత సంఘం చేసిన పనిలో ఉందని నా అభిప్రాయం. సంఘం మొదట పట్టించుకున్న విషయాలలో రెండు వెట్టిచాకిరి, చిన్న వర్తకుల కష్టాలు. ఈ రెండింటి మీదా చిన్న పుస్తకాలు వేశారు. వాటిని నడిపిన బుద్ధి పూర్తిగా వకీలుది. ఆవేశంతో సర్కారును నిందించలేదు. వెట్టిని నిషేధిస్తూ, కూలి ఇవ్వమంటూ, ధర చెల్లించమంటూ సర్కారే వేర్వేరు కాలాల్లో జారీ చేసిన హుకుములను, గస్తీలను (సర్క్యులర్లను) పోగు చేసి, అందరికీ అర్థమయ్యే తెలుగులో పెట్టారు.

వెట్టి మీద వేసిన ఆ పుస్తకం విలువ తెలియాలంటే అప్పటి పల్లెను దగ్గరగా చూడాలి. తహసీలుదారో, గిర్దావరో దౌరాకు వస్తున్నాడని కబురు వచ్చిందంటే ఊరంతా కదలాల్సిందే. మాల మాదిగలు సామాను మోయాలి, కబురు పట్టుకొని పక్క ఊరికి పరుగెత్తాలి. చాకలి గిన్నెలు తోమాలి, మంగలి దివిటీ పట్టాలి, కుమ్మరి కుండలు తెచ్చి నీళ్లు నింపాలి, గౌండ్ల వాళ్లు కల్లు పోయాలి, గొల్లవాళ్లు యాటను ఇవ్వాలి. కోమటి దుకాణం నుంచి బియ్యం, పప్పు, నెయ్యి వస్తాయి. దానికి ధర అధికారి వెంట వచ్చిన బంట్రోతు నోటి మాట, చాలాసార్లు అదీ చేతికి రాదు. అధికారి వెళ్లాక అదే ఆనవాయితీ దొర గడీలో ఏడాది పొడుగునా నడిచేది. ఇదంతా అనాదిగా వస్తున్న ధర్మమని, సర్కారు వారి ఇష్టమని ఊళ్లో అందరూ నమ్మేవారు. అలాంటి ఊళ్లో ఒక చదువుకున్న కుర్రవాడు, ఇదిగో ఈ నంబరు గస్తీ ప్రకారం మీరు కూలి ఇవ్వాలి అని చిన్న పుస్తకం తీసి చూపిస్తే గిర్దావరు ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. సర్కారు మాటను సర్కారుకే అప్పజెప్పడం, మాడపాటి పద్ధతి మొత్తం అదే.

ఆ రోజుల్లో సభ పెట్టాలన్నా అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వచ్చాక చివరికి గ్రంథాలయ వార్షికోత్సవానికీ, సంఘ సమావేశానికీ అధికారి దయ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. అనుమతి కోసం అర్జీ, జవాబు రాకపోతే జ్ఞాపక పత్రం, తిరస్కరిస్తే పై అధికారికి మళ్లీ అర్జీ. ఈ ఉత్తర ప్రత్యుత్తరాల విసుగును ఓపికగా భరించినవాళ్లు లేకపోతే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన సంఘం తరఫున మొదటి ఆంధ్ర మహాసభ జరిగేది కాదు. వీరోచిత ఘట్టాలను ఇష్టపడే చరిత్ర రచన ఈ కాగితాల పోరాటాన్ని చిన్నచూపు చూసింది. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బాలికల పాఠశాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1928లో మాడపాటి, ఆయన మిత్రులు కలిసి హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. నారాయణగూడలో అది స్థిరపడింది. ఉన్నత పాఠశాల స్థాయికి ఎదిగేసరికి పెద్ద చిక్కు వచ్చిపడింది. నిజాం రాష్ట్రంలో పై చదువు ఉర్దూలో సాగాలి, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా భాష ఉర్దూయే. తెలుగులో చదివే హైస్కూలుకు గుర్తింపు ఇవ్వడానికి విద్యాశాఖ ఒప్పుకోలేదు. మాడపాటి దీనికి రాష్ట్రం బయట దారి వెతికారు. కార్వే పూనాలో 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఆడపిల్లలు తమ మాతృభాషలోనే చదివి పరీక్ష రాయడానికి వీలు కల్పించింది. నారాయణగూడ బడిని దానికి అనుబంధం చేశారు. అలా నిజాం రాజధానిలో తెలుగు ఆడపిల్లలు తెలుగులోనే చదివి పూనా పరీక్షలకు వెళ్లారు. తెలుగు మాటను గేలి చేసిన సభకు అధ్యక్షత వహించిన ఆ కార్వే సంస్థే కొన్నేళ్ల తర్వాత తెలుగు ఆడపిల్లల చదువుకు ఆసరా అయింది. పాత అవమానాన్ని మాడపాటి మనసులో పెట్టుకోలేదు. పిల్లల చదువు ముందు అది ఆయనకు లెక్కలోకి రాలేదు. ఆ బడికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఇక సిరిసిల్ల. దేవరకొండ, ఖమ్మం సభల తర్వాత 1935లో నాలుగో మహాసభ ఈ చేనేత పట్టణానికి వచ్చింది. అప్పటికి కాజీపేట బల్లార్షా రైలుమార్గం పెద్దపల్లి, రామగుండం మీదుగా నడుస్తున్నది గానీ, ఈ ప్రాంతమంతా అడవి, పల్లెలు, గడీలు. గోదావరిఖని బొగ్గు బావులు తెరుచుకోవడానికి ఇంకా పాతికేళ్లు ఉంది. కరీంనగర్ జిల్లాలో దొరల పెత్తనం ఎంత బలంగా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. అలాంటి చోట వెట్టి గురించి, బడుల గురించి, స్థానిక పాలన గురించి బహిరంగంగా మాట్లాడుకునే సభ జరగడమే పెద్ద సంగతి. మహాసభలతో పాటు మహిళా సభలు కూడా జరిగేవి, సిరిసిల్ల మహిళా సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షురాలు. భర్త ఒక వేదిక మీద, భార్య మరో వేదిక మీద అధ్యక్షస్థానంలో కూర్చున్న ఆ దృశ్యం 1935 నాటి కరీంనగర్ జిల్లాలో ఎంత కొత్తదో ఆలోచించండి.

మాడపాటి మార్గానికి ఉన్న హద్దులను దాచిపెట్టి ఆయనను గొప్పవాణ్ణి చేయనవసరం లేదు. గస్తీ చూపించి గిర్దావరును ఆపవచ్చు గానీ, వేల ఎకరాలు చేతిలో పెట్టుకున్న దేశ్‌ముఖును ఆపలేరు. భూమి ఎవరిది అన్న ప్రశ్నకు అర్జీలో జవాబు లేదు. 1940ల్లో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి వంటి తర్వాతి తరంవాళ్లు ఆంధ్ర మహాసభను పల్లె జనంలోకి తీసుకెళ్లారు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది, గ్రామాల్లో సంఘాలు వెలిశాయి. 1944లో భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలింది. పెద్దతరం వకీళ్లు మితవాదులన్న పేరు మూటగట్టుకొని పక్కకు జరిగారు. తెలంగాణ రైతాంగం తర్వాత చేసిన సాయుధ పోరాటం మాడపాటి మార్గంలోది కాదు. అయినా ఆ పోరాటంలో గుతపల (కర్రల) సంఘాలుగా మారిన గ్రామాల్లో చదవడం నేర్చుకున్న మొదటి తరానికి పుస్తకం అందించినవి ఆంధ్రోద్యమం పెట్టిన గ్రంథాలయాలే. ఆ రుణాన్ని తర్వాతి తరం నాయకులు కూడా కాదనలేదు.

హైదరాబాదు పురపాలన చరిత్రను కూడా కొంత తెలుసుకుంటే గానీ మాడపాటి మేయరైన 1951 ప్రాధాన్యం బోధపడదు. మొదటి సాలార్‌జంగ్ కాలంలో 1869లో నగరానికి మున్సిపల్ శాఖ ఏర్పడింది. నగరం ఒక భాగం, మూసీకి ఉత్తరాన చాదర్‌ఘాట్ మరో భాగం. 1886లో చాదర్‌ఘాట్ విడి మున్సిపాలిటీ అయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, మురికివాడలు తీసి ఇళ్లు కట్టింది. ఇవన్నీ మెచ్చుకోదగ్గ పనులే. దేశంలో చాలా నగరాలకు అప్పటికి అలాంటి మంచినీటి ఏర్పాటు లేదు. కానీ వాటిలో ఏ ఒక్కటీ నగరవాసి నిర్ణయించింది కాదు. అంతా ప్రభువు అనుగ్రహం, అధికారుల సామర్థ్యం. 1933 చట్టంతో చాదర్‌ఘాట్‌ను కలిపి కార్పొరేషన్ చేసి, ఎన్నికలనే తంతు మొదలుపెట్టినా, పట్టు సర్కారు చేతిలోనే ఉంది. 1942లో ఆ హోదా కూడా పోయింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య, నిజాం పాలన ముగింపు. 1950లో కొత్త కార్పొరేషన్ చట్టం వచ్చింది. హైదరాబాదుకు ఒకటి, బ్రిటిషు కంటోన్మెంటు చరిత్ర ఉన్న సికిందరాబాదుకు మరొకటి, రెండు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. 1951లో హైదరాబాదు కౌన్సిల్ మాడపాటిని మేయరుగా ఎన్నుకుంది. అప్పటికి ఆయన వయసు 66. రాష్ట్ర రాజకీయాల్లో ఆయన కన్నా చిన్నవాళ్లు మంత్రి పదవుల వైపు చూస్తున్నారు, ఆయన సహచరుడు బూర్గుల 1952 మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. అలాంటి సమయంలో మురుగు కాలువలు, చెత్త బండ్లు, వీధి దీపాల లెక్క చూసే పదవిని ఈ వృద్ధుడు ఎందుకు ఒప్పుకున్నారు? సేవలకు మెచ్చి కట్టబెట్టిన అలంకార పదవి అని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. ముప్పై ఏళ్లుగా ఆయన చేసిన పనికి ఇది సహజమైన కొనసాగింపు. స్థానిక సంస్థల్లో ప్రజలకు చోటు కావాలని ఆంధ్ర మహాసభలు ఏళ్ల తరబడి తీర్మానాలు చేశాయి. తీర్మానం రాసిన చేయి ఇప్పుడు అమలు చేసే స్థానంలోకి వచ్చింది.

ఆ స్థానం సులువైనది కాదు. సికిందరాబాదుతో కలిపి జనాభా పది లక్షలు దాటిన నగరం. పోలీసు చర్య తర్వాత జిల్లాల నుంచి భయంతో వచ్చి చేరినవాళ్లు, నిజాం కొలువులు, జాగీర్లు రద్దయి బతుకుతెరువు కోల్పోయినవాళ్లు, కొత్త ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వస్తున్నవాళ్లు ఒకే నగరంలో సర్దుకోవాల్సిన కాలం. 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఆందోళన చెలరేగి సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఇంత గాయపడిన నగరానికి మేయరుగా ఉర్దూ, తెలుగు రెండూ సమానంగా వచ్చిన మనిషి ఉండటం చిన్న విషయం కాదు. పాతబస్తీ నవాబుతోనూ, సుల్తాన్ బజారు వర్తకుడితోనూ, పల్లె నుంచి వచ్చిన కూలీతోనూ వారి వారి భాషలోనే మాట్లాడగలిగిన పెద్దమనిషి ఆయన. ఉర్దూ పెత్తనానికి వ్యతిరేకంగా జీవితమంతా వాదించారు. ఉర్దూ మీద గానీ, ముస్లింల మీద గానీ ద్వేషం పెంచుకోలేదు.

మేయరు గౌరవానికీ, అధికారానికీ మధ్య ఉన్న దూరాన్ని కూడా గమనించాలి. మన కార్పొరేషన్ల చట్టాలకు మూలం 1888 నాటి బొంబాయి చట్టం. కౌన్సిల్ చర్చిస్తుంది, తీర్మానిస్తుంది, బడ్జెట్ ఆమోదిస్తుంది. కార్యనిర్వహణ ప్రభుత్వం నియమించిన కమిషనర్ చేతిలో ఉంటుంది. 1955లో వచ్చిన హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది, తర్వాత రాష్ట్రంలోని ఇతర నగరపాలక సంస్థలకూ అదే ఆధారమైంది. వార్డు సభ్యుడు తన వీధి గురించి అడగగలడు, ఒత్తిడి తేగలడు, ఫైలు ఎక్కడ ఆగిందో కనిపెట్టగలడు. ఆజ్ఞాపించలేడు. చట్టం చదివి, ఉత్తర్వు వెతికి, ఓపికగా వెంటపడే వకీలు బుద్ధి ఈ పదవికి ఎందుకు సరిపోతుందో ఇక్కడ తెలుస్తుంది.

1954తో మాడపాటి మేయరు పదవి ముగిసింది. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడయ్యారు, 1964 దాకా ఆ స్థానంలో ఉన్నారు. జనం ఆయనను ఆంధ్ర పితామహుడని పిలుచుకున్నారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు.

పదవుల కన్నా విలువైనది ఆయన మనకు రాసిపెట్టి పోయిన పుస్తకం, ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’. రెండు భాగాల ఆ గ్రంథంలో సభల తేదీలు, తీర్మానాలు, సర్కారుతో నడిపిన ఉత్తరాలు, ఎవరు ఏ పని చేశారన్న వివరాలు వరుసగా ఉంటాయి. తనను తాను వెనక్కి నెట్టుకొని సంఘాన్ని ముందుకు పెట్టి రాశారు. తెలంగాణ ఆధునిక చరిత్ర రాసిన ప్రతివారూ దాని మీద ఆధారపడ్డవారే. కరీంనగర్, సిరిసిల్ల, పెద్దపల్లి, గోదావరిఖని గ్రంథాలయాల్లో ఆ రెండు భాగాలూ పాఠకుల చేతికి అందేలా ఉండాలి. వెట్టి మీద, వర్తకుల మీద ఆంధ్ర జన సంఘం వేసిన చిన్న పుస్తకాలను కూడా మళ్లీ అచ్చు వేయాలి. మన ప్రాంతంలో వార్డు సభ్యులుగా, కార్పొరేటర్లుగా నిలబడాలనుకునే యువ న్యాయవాదులు ప్రచారానికి బయలుదేరే ముందు వాటిని ఒకసారి చదవాలని నా విన్నపం.